ఉసిళ్ల మూట

"యాక్... ఛీ ఛీ!"

పదేళ్ల మనవడు ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి గెంతాడు. వాడి ఎదురుగా బల్ల మీద వరసగా పళ్లేలు. ఒకదాంట్లో వేయించిన మిడతలు. ఇంకోదాంట్లో కీచురాళ్లు. ఆ పక్కన లేత పసుపు రంగులో పొడవాటి పురుగులు. అన్నీ గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. ప్రతి గుట్ట పక్కనా ఒక గరిటె, కాగితం సంచులు. అచ్చం మన మిర్చి బజ్జీల బండి దగ్గర ఉన్నట్టే! బల్ల వెనక నిలబడ్డ అమ్మాయి నవ్వుతూ ఒక పురుగును చెంచాలో పెట్టి వాడి వైపు చాపింది. రుచి చూడమని, డబ్బులక్కర్లేదని సైగ చేసింది. వాడు నానమ్మ కొంగు చాటుకు చేరాడు. అక్కడి నుంచే సెల్‌ఫోన్ పైకెత్తి వీడియో తీయడం మొదలుపెట్టాడు.

"యాక్ నంబర్ వన్!" అన్నాడు ఫోన్లోకి.

అందరూ నవ్వారు. నానమ్మ కూడా నవ్వింది. కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

సూట్‌కేసులో ఆవకాయ

వాళ్లది హైదరాబాద్. పెద్దాయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. కొడుకు, కోడలు ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. పిల్లాడి వేసవి సెలవులు అయిపోవస్తుండగా, మే నెలాఖరులో ఎలాగో అందరికీ ఒకేసారి తీరిక దొరికింది. విమానం ఎక్కితే మూడున్నర గంటల్లో బ్యాంకాక్. అక్కడ గుళ్లూ గోపురాలూ చూసుకుని, ఉత్తరాన కొండల మధ్య ఉన్న చియాంగ్ మై నగరానికి వెళ్లారు.

పెద్దావిడ సూట్‌కేసులో సగం బట్టలు, సగం తిండి. ఆవకాయ సీసా, కరివేపాకు పొడి, సకినాలు, అటుకుల మిక్చర్, రెండు కిలోల బియ్యం, ఒక బుల్లి ఎలక్ట్రిక్ కుక్కర్. "అక్కడ కప్పలు తింటరట, పురుగులు తింటరట" అని పక్కింటావిడ భయపెట్టి పంపింది మరి. మూడు రోజులు హోటల్ గదిలోనే అన్నం వండుకున్నారు. నాలుగో రోజు కోడలే పట్టుబట్టింది.

"అత్తమ్మా, ఇంత దూరమొచ్చి వీళ్ల బజారన్నా చూడకపోతే ఎట్ల? తినకున్నా సరే, చూసొద్దాం."

అలా ఒక పొద్దున పింగ్ నది దగ్గరున్న వారోరోట్ మార్కెట్‌కు చేరారు. ఊళ్లోవాళ్లు దాన్ని 'కాడ్ లువాంగ్' అంటారు. ఉత్తర థాయ్ యాసలో 'పెద్ద బజారు' అని అర్థం. పైఅంతస్తుల్లో బట్టలు, చెప్పులు. కింద అంతా తిండే. పక్కనే పూల బజారు. మన మోండా మార్కెట్లోకి అడుగుపెట్టినట్టే ఉంటుంది. కాకపోతే వాసనలు వేరు. నిమ్మగడ్డి, అల్లంలాంటి గలాంగల్ దుంప, ఎండు రొయ్యలు, మల్లెలు, వేగుతున్న పంది చర్మం... అన్నీ కలిసి ఒకేసారి ముక్కుకు తగులుతాయి.

వాళ్లకు దారి చూపించడానికి వచ్చిన గైడు ఒక స్థానిక అమ్మాయి. ఒక్కో బల్ల దగ్గరా ఆగి, ఇంగ్లీషులో ఓపిగ్గా చెప్పుకుంటూ పోయింది.

ఎక్స్‌ప్రెస్ రైలు, గుర్రపు గుడ్లు

థాయ్‌వాళ్లు పేర్లు పెట్టడంలో సరదా మనుషులు. ఆ లేత పసుపు పురుగులున్నాయే... వాటి పేరు 'రోట్ దువాన్'. అంటే ఎక్స్‌ప్రెస్ రైలు! నిజంగానే ఒకదాన్ని దగ్గరగా చూస్తే బోగీలు తగిలించినట్టే ఉంటుంది. వెదురు బొంగుల్లో పెరిగే ఒక చిమ్మట జాతి పురుగు అది. నూనెలో వేయిస్తే కరకరలాడుతుంది. కొడుకు ధైర్యం చేసి ఒకటి నోట్లో వేసుకున్నాడు. "పాప్‌కార్న్ లెక్కనే ఉంది" అన్నాడు. కోడలు ఆ పూటంతా అతనికి కాస్త దూరంగానే నడిచింది.

ఇంకో బల్ల మీద గులాబీ రంగు గుడ్లు. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయని కోడలు చేతిలోకి తీసుకుంది. 'ఖై యియో మా' అని గైడు నవ్వింది. అర్థం చెప్పగానే కోడలు గుడ్డును ఉన్నచోట పెట్టేసింది. 'గుర్రపు మూత్రం గుడ్డు' అట! నిజానికి అందులో గుర్రమూ లేదు, మూత్రమూ లేదు. బాతు గుడ్లను సున్నం, ఉప్పు, బూడిదలాంటి క్షార పదార్థాల్లో వారాల తరబడి నానబెడతారు. తెల్లసొన నల్లటి జెల్లీలా గట్టిపడుతుంది. ఘాటైన వాసన వస్తుంది. ఆ వాసనకే ఆ పేరు. చైనా నుంచి వచ్చిన వంటకం అది.

మరికాస్త ముందుకెళితే, బొద్దింకకు పెద్దన్నయ్యలాంటి నీటి పురుగులు కనిపించాయి. పేరు 'మేంగ్ దా'. కోడలు కెవ్వుమంది. కానీ థాయ్‌వాళ్లు దీన్ని కొనేది ముఖ్యంగా వాసన కోసం. మగ పురుగులో ఉండే సువాసన వాళ్లకు ప్రాణం. మిరపకాయలతో కలిపి దంచి పచ్చడి చేస్తారు. మనకు ఇంగువ ఎలాగో వాళ్లకు ఇది అలాగన్నమాట. మన పప్పుచారును ఘుమఘుమలాడించే ఆ ఇంగువకు ఇంగ్లీషువాళ్లు పెట్టిన ముద్దుపేరు ఏమిటో తెలుసా? 'దెయ్యం పేడ'! ఎవరి ముక్కు వాళ్లది.

"యాక్ నంబర్ టూ... యాక్ నంబర్ త్రీ..." మనవడి లెక్క సాగుతూనే ఉంది.

మిడతల పళ్లెం వెనక మాత్రం ఒక పెద్ద కథే ఉంది. 1970ల చివర్లో థాయ్‌లాండ్ మొక్కజొన్న చేలను మిడతలు కమ్మేశాయి. విమానాల్లోంచి మందు చల్లినా లొంగలేదు. చివరికి ప్రభుత్వమే 'పట్టండి, తినండి' అని ప్రచారం మొదలుపెట్టింది. జనం పట్టారు, వేయించారు, తిన్నారు. పంటను మింగిన పురుగే రైతుకు అమ్ముకునే సరుకైంది. కీచురాళ్ల సంగతీ అంతే. 1998లో ఖోన్ కేన్ విశ్వవిద్యాలయం వాళ్లు వాటిని ఇంటి దగ్గర తొట్లలో పెంచడం రైతులకు నేర్పారు. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ దేశంలో అలాంటి పెంపకాలు దాదాపు 20 వేలు ఉన్నాయని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో లెక్క చెప్పింది. మనకు కోళ్ల ఫారాలున్నట్టు వాళ్లకు కీచురాళ్ల ఫారాలు!

"అరె, ఇది మన చింతచిగురే!"

అప్పటిదాకా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నడుస్తున్న పెద్దావిడ కూరగాయల వరస దగ్గరికి రాగానే ఆగిపోయింది. ఆవిడ మొహం విప్పారింది.

"అరె, ఇది మన చింతచిగురే!"

అవును, చింతచిగురే. వాళ్లు దాన్ని పులుసుల్లో వేస్తారు. పక్కనే అరటిపువ్వు. తెల్లటి అవిసె పూలు. బఠాణీ గింజలంత పచ్చటి ఉస్తికాయలు. మునక్కాయలు. కాకరకాయలు. మన సరస్వతి ఆకును రుబ్బి, చక్కెర కలిపి, చల్లటి పచ్చటి షర్బత్‌లా అమ్ముతున్నారు. ఇంకో గాజు జాడీలో ఎర్రటి పానీయం... గోంగూర వంశానికే చెందిన మొక్క కాయల తొక్కలతో కాచింది.

గైడు ఇంకో మాట చెప్పింది. చలికాలంలో వస్తే ఈ బజారులో వేపపూత కట్టలు కట్టలుగా దొరుకుతుందట. వేడినీళ్లలో వేసి తీసి, చింతపండు, బెల్లం లాంటి తాటి చక్కెర, చేపల రసం కలిపి చేసిన తియ్యటి పులుసులో అద్దుకుని తింటారు. వేప చేదు, చింత పులుపు, తీపి, ఉప్పు... ఉగాది పచ్చడిని తెలుగువాళ్లు ఏడాదికి ఒకసారి చేసుకుంటే, వీళ్లు సీజనంతా అన్నంలోకి తింటారన్నమాట!

ఒక మూల రాతి రోట్లో కాల్చిన పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, ఉల్లిపాయలు వేసి ఒకామె దంచుతోంది. 'నామ్ ప్రిక్ నుమ్' అట. ఉడికించిన కూరగాయలు, బంకన్నం నంజుకుని తినే పచ్చడి. పెద్దావిడ వేలితో తీసుకుని నాలుక మీద పెట్టుకుంది. ఒక క్షణం కళ్లు మూసుకుంది. "చింతపండు పడితే మన రోటి పచ్చడే" అని తేల్చింది. అరకిలో కట్టించింది కూడా. నిజానికి ఈ మిరపకాయ మనదీ కాదు, వాళ్లదీ కాదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ల ఓడల్లో అటు థాయ్‌లాండ్‌కూ ఇటు భారతదేశానికీ వచ్చింది. ఎక్కడో అమెరికా ఖండాల్లో పుట్టిన కాయ లేకుండా ఇప్పుడు ఈ రెండు చోట్లా ముద్ద దిగదు!

మాటలూ అంతే. వాళ్లు తిండిని 'ఆహాన్' అంటారు. మన 'ఆహారమే' అది. 'సవాత్‌దీ' అని చేతులు జోడిస్తారు. అందులో ఉన్నది 'స్వస్తి'. శాకాహారానికి వాళ్ల మాట 'మాంగ్‌సవిరత్'. విడదీసి చూస్తే 'మాంస విరతి'! అయితే శాకాహారులు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడ ఆకుకూరలో కూడా చేపల రసం పడుతుంది. పసుపు జెండా మీద ఎర్రటి థాయ్ అక్షరం కనిపించే కొట్లో 'జే' భోజనం అడిగితే, మాంసం, చేప, గుడ్డు, చివరికి ఉల్లి, వెల్లుల్లి కూడా లేకుండా పెడతారు.

అంతా తెలిసిన ఊరిలా అనిపించసాగింది పెద్దావిడకు. ముక్కు మీది కొంగు ఎప్పుడు జారిందో ఆవిడకే తెలీదు.

అరిటాకు పొట్లం

వారోరోట్ నుంచి నది వెంట కాస్త ఉత్తరంగా నడిస్తే మువాంగ్ మై అనే ఇంకో బజారు వస్తుంది. టోకు కూరగాయల బజారు. పర్యాటకుల సందడి తక్కువ. లారీలు, గంపలు, బురద. ముందు రాత్రి తొలకరి వాన దంచికొట్టింది. దారి పక్కన పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు నేల మీదే ప్లాస్టిక్ పట్టాలు పరుచుకుని కూర్చున్నారు. ఒకామె దగ్గర వెదురు కొమ్ములు. ఇంకొకామె దగ్గర తెల్లటి మల్లెమొగ్గల్లాంటివి ఒక గిన్నెలో.

"అవి ఎర్రచీమల గుడ్లు" అంది గైడు. చెట్ల ఆకులు కుట్టి గూళ్లు కట్టుకునే చీమలవి. కాస్త పుల్లగా ఉంటాయి. పులుసుల్లో, ఆమ్లెట్లలో వేస్తారు. మన పక్కనున్న ఒడిశాలోని మయూర్‌భంజ్ ఆదివాసీలు ఇవే చీమలతో చేసే 'కై' పచ్చడికి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ సంతల్లోనూ ఎర్రచీమల పచ్చడి ఆకుదొన్నెల్లో అమ్ముతారు.

ఆ పక్కన ఒక ముసలమ్మ. ముందు చిన్న బుట్ట, నాలుగైదు అరిటాకు పొట్లాలు. ఒక పొట్లం విప్పి ఉంది. అందులో గోధుమరంగులో, నూనె మెరుపుతో సన్నటి గింజల్లాంటివి. ఒకటి రెండింటికి గాజు కాగితం లాంటి రెక్కలు ఇంకా అంటుకునే ఉన్నాయి.

"మేంగ్ మావో" అంది గైడు. "రాత్రి వాన పడింది కదా, అందుకే ఇవాళ వచ్చాయి."

"యాక్ నంబర్ ఫోర్!" మనవడు ఫోన్‌ను పొట్లం మీదికి వంచాడు. వాంతి వచ్చినట్టు నాలుక బయటపెట్టాడు. కొడుకు, కోడలు నవ్వారు.

ముసలమ్మ కూడా ముందు నవ్వింది. తర్వాత పిల్లాడి మొహం చూసింది. నవ్వు సగంలో ఆగింది. ఎవరూ ఏమీ అనకముందే ఆమె చెయ్యి అరిటాకు అంచును మెల్లగా పొట్లం మీదికి లాగి కప్పేసింది.

"ఉసిళ్లు..." అంది పెద్దావిడ.

ఆ మాట ఆవిడ నోట్లోంచి వచ్చి నలభై ఏళ్లయింది.

ఆ రోజు హాల్లో

ఆవిడ పుట్టింది వరంగల్ పక్కన ఒక పల్లెలో. మిరుగు కార్తె ముందు తొలి వాన పడితే చాలు, సాయంత్రానికి ఇంట్లో హడావుడి మొదలయ్యేది. పుట్టలోంచి ఉసిళ్లు ఉవ్వెత్తున లేస్తాయి. పుట్ట దగ్గర గుంట తీసి, అందులో కుండ దించి, పక్కన దీపం పెట్టేవాళ్లు. వెలుతురు చూసి వచ్చిన ఉసిళ్లు కుండలో పడేవి. ఇంటి దగ్గరైతే దీపం కింద వెడల్పాటి పళ్లెంలో నీళ్లు. తెల్లారి అమ్మ వాటిని మంగలంలో వేయించి, చాటలో చెరిగేది. రెక్కలన్నీ గాలికి ఎగిరిపోయేవి. వేయించిన జొన్న పేలాలు, ఉప్పు, కారం కలిపితే పిల్లలు గుప్పెట్లతో తినేవాళ్లు. ఏడాదిలో రెండు మూడు రోజులే దొరికే తిండి అది. పండగలాంటిదే!

ఏడో తరగతికి ఆవిడను హన్మకొండ హాస్టల్లో చేర్పించారు. అమ్మ ఒక డబ్బా నిండా ఉసిళ్లు పోసి పంపింది. రాత్రి డబ్బా మూత తీయగానే పక్క మంచం అమ్మాయి అరిచిన అరుపుకు వార్డెన్ పరిగెత్తుకొచ్చింది. ఆ ఏడాదంతా ఆవిడ పేరు 'పురుగుల పిల్ల'.

పెళ్లయి హైదరాబాద్ వచ్చింది. మొదటి వానాకాలం. అమ్మ ఊరి నుంచి బస్సులో వచ్చింది. చేతిలో తెల్ల గుడ్డ మూట. హాల్లో అత్తగారు, ఆడపడుచులు, ఎవరో చుట్టాలు కూర్చుని ఉన్నారు. అమ్మ సంబరంగా అందరి ముందే మూట ముడి విప్పింది. "పిల్లకు ఇష్టమని తెచ్చిన" అంది.

ఎవరో అడిగారు. "ఛీ, పురుగులా? మీ దిక్కు ఇవి తింటరా?"

అమ్మ జవాబు చెప్పేలోపే ఆవిడ చెప్పేసింది.

"మేం తినం. కూలోళ్లు తింటరు."

అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. గుడ్డ నాలుగు మూలలూ దగ్గరికి లాగి ముడి వేసింది. సాయంత్రం బస్సుకు వెళ్లిపోతూ ఆ మూటను మళ్లీ తనే తీసుకుపోయింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా బతికింది. మామిడికాయలు తెచ్చింది, మక్క కంకులు తెచ్చింది, అప్పాలు తెచ్చింది. ఉసిళ్లు మాత్రం మళ్లీ తేలేదు. ఆ సంగతి ఎత్తనూ లేదు. 'ఒకసారి అడగాలి, ఆ రోజు తప్పుగ మాట్లాడిన అని చెప్పాలి' అని ఆవిడ ఎన్నో వానాకాలాలు అనుకుంది. అనుకుంటూ ఉండగానే అమ్మ వెళ్లిపోయింది.

చియాంగ్ మైలో ముసలమ్మ చెయ్యి అరిటాకును లాగిన తీరు, ఆ రోజు హాల్లో అమ్మ చెయ్యి గుడ్డను లాగిన తీరే.

ఉప్పు తక్కువైంది

"ఫోన్ లోపల పెట్టు" అంది నానమ్మ. గొంతు కాస్త గట్టిగానే వచ్చింది. మనవడు బిత్తరపోయి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

ఆవిడ చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని, బురదలో ముసలమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడ పొట్లం వైపు చూపించి, తన నోటి వైపు చూపించింది. ముసలమ్మ ఒకసారి పిల్లాడి వైపు చూసి, మళ్లీ ఆవిడ వైపు చూసి, అరిటాకు తెరిచింది. చిటికెడు తీసి ఆవిడ అరచేతిలో పోసింది.

ఆవిడ రెక్క అంటుకున్నవాటిని ఎడమ అరచేతిలో వేసుకుని, ఉఫ్ అని ఊది, రెక్కలు ఎగిరిపోయాక నోట్లో వేసుకుంది. అది చూసి ముసలమ్మ పకపకా నవ్వింది. పక్కనున్న ఆడవాళ్లను పిలిచి చూపించింది. తినడం తెలిసిన మనిషి అని వాళ్లకు అర్థమైపోయింది.

వేరుశనగలు వేయించినప్పటి కమ్మదనం, చివర్లో నెయ్యి లాంటి వాసన. అదే రుచి.

"నువ్వు ఇవి తిననన్నవ్ కదా?" అన్నారు పెద్దాయన. ఆ రోజు హాల్లో ఆయనా ఉన్నారు. అన్నేళ్ల కిందటి మాట ఆయనకూ గుర్తుందని ఆవిడకు అప్పుడే తెలిసింది.

"తిన్న. చిన్నప్పుడు బాగ తిన్న. ఆనాడు అబద్ధం చెప్పిన" అంది ఆవిడ.

పెద్దాయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత వంగి ఆవిడ అరచేతిలోంచి రెండు తీసుకుని నోట్లో వేసుకున్నారు.

"ఉప్పు తక్కువైంది" అన్నారు.

40 భాత్‌లిచ్చి రెండు పొట్లాలు కొన్నారు. ముసలమ్మ ఇంకో గుప్పెడు కొసరు వేసింది. కొసరు అనే మాటకు ఏ దేశంలోనూ తర్జుమా అక్కర్లేదు.

ఎవరి యాక్ వాళ్లది

ఎర్రటి షేర్ వ్యాన్‌లో హోటల్‌కు తిరిగి వస్తుంటే మనవడు ఊరుకోలేదు. ఉసిళ్లంటే ఏమిటని అడిగాడు. చెదపురుగుల్లో రెక్కలున్నవి ఉసిళ్లు. కొత్త కాపురాలు పెట్టాల్సిన రాజులు, రాణులు అవే. తొలి వానకు నేల మెత్తబడగానే పుట్ట వదిలి ఎగురుతాయి. జంట కుదిరాక రెక్కలు రాల్చుకుని నేలలోకి దిగి కొత్త పుట్టకు పునాది వేస్తాయి. అందుకే అవి ఏడాదంతా దొరకవు. ఆ ప్రయాణం కోసం ఒంటినిండా కొవ్వు, మాంసకృత్తులు దాచుకుని ఉంటాయి. ఎండాకాలమంతా పనీ తిండీ కరువైన పల్లెకు తొలి వానతో పాటు ఆకాశం నుంచి దిగిన బలం అది. కూలివాళ్లు తిన్నారంటే ఊరికే తిన్నారా?

తెలుగు నేల మీద ఇప్పటికీ తెలంగాణలో, రాయలసీమలో, ఉత్తరాంధ్రలో ఉసిళ్లు తినేవాళ్లున్నారు. పేరు పలికే తీరు ఊరికి ఊరికి కాస్త మారుతుంది, అంతే. గోదావరి జిల్లాల్లో నత్తల కూర వండుతారు. మేక తలకాయ, బోటి, రక్తం వేపుడు లొట్టలేసుకుంటూ తినేవాళ్లం, మిడతను చూసి ముఖం చిట్లిస్తాం. పీతను, రొయ్యను చూసి 'సముద్రపు పురుగులు' అని ముఖం తిప్పుకునేవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. పెరుగన్నం చూసి చేత్తో ముక్కు మూసుకునే దేశాలూ ఉన్నాయి. ప్రపంచంలో మనుషులు తినే పురుగులు 1900 రకాలకు పైనే అని 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ రాసింది. ఐరోపా సమాఖ్య 2021లో ఒకరకం పిండి పురుగును, 2023లో కీచురాళ్ల పొడిని ఆహారంగా ఒప్పుకుంది. సింగపూర్ 2024 జూలైలో 16 రకాల పురుగులకు అనుమతి ఇచ్చింది. రేపు ఎవరో అందమైన పొట్లంలో, పెద్ద ధరతో అదే తిండిని మనకు అమ్మినా ఆశ్చర్యం లేదు. అప్పుడు దాన్ని 'కూలోళ్ల తిండి' అని ఎవరూ అనరు.

అలాగని వెళ్లినవాళ్లంతా పురుగులు తిని తీరాలనేం లేదు. రొయ్యలు, పీతలు పడనివాళ్లు వీటి జోలికి వెళ్లకూడదు కూడా. రెండింటికీ ఒకే రకం ఎలర్జీ వచ్చే అవకాశం ఉంది. తినడం, తినకపోవడం ఎవరి ఇష్టం వాళ్లది. ఇష్టం లేకపోతే చేతులు జోడించి, నవ్వి, ముందుకు నడిస్తే చాలు. ఎదుటివాళ్లు పొట్లం మూసుకోవాల్సి రాకుండా చూసుకుంటే అదే పెద్ద మర్యాద.

ఆ రాత్రి హోటల్ గదిలో ఆవకాయ అన్నం, నామ్ ప్రిక్ నుమ్, ఉసిళ్లు. కోడలు ముట్టుకోలేదు. ముఖం మాత్రం చిట్లించలేదు. కొడుకు రెండోసారి వడ్డించుకున్నాడు. మనవడు చాలాసేపు ఒకే ఒక్క ఉసిలిని వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు.

"నానమ్మా, మీ అమ్మ మళ్ల తేలేదా?"

"తేలేదు."

"నువ్వు సారీ చెప్పలేదా?"

"చెప్పలేదు."

వాడు కళ్లు గట్టిగా మూసుకుని దాన్ని నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. "ఓకే" అన్నాడు. అంతకంటే పెద్ద మెప్పు ఆ వయసు పిల్లల దగ్గర దొరకదు. వీడియోల్లో నాలుగోదాన్ని మాత్రం ఎవరూ చెప్పకుండానే తీసేశాడు.

హైదరాబాద్‌కు వచ్చిన రెండో వారంలో మొదటి వాన పడింది. వాళ్లుండేది అయిదో అంతస్తు. చుట్టూ సిమెంటు. పుట్టలుండే నేల ఎక్కడో దూరం. రాత్రి ఎనిమిదింటికి బాల్కనీ లైటు కింద మనవడు టబ్బులో నీళ్లు పోసి, కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి లోపలికి పరుగెత్తుకొచ్చాడు.

"నానమ్మా, వచ్చినయ్!"

ఆవిడ పొయ్యి కట్టేసి వెళ్లి చూసింది. టబ్బులో నాలుగే ఉన్నాయి. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, ఇంకా వస్తాయేమోనని లైటు వంక చూస్తూ ఉండిపోయారు.